మూఢంలో అలిగిన బగారా

ఆఁ, ఎక్కడ ఆపాం? గౌరయ్య తెల్లచొక్కా దగ్గర కదూ. మధ్యలో చాయ్ వచ్చి మాట తెగింది గానీ, లేకపోతే ఈపాటికి బగారా ఈనేసి ఉండేది. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి మొదటి నుంచే వద్దాం.

గరిడేపల్లి దాటి కాలువ వంతెన దిగితే కుడిచేతి వైపు కనిపించే ఎకరన్నర పొలం గౌరయ్యది. ముప్పావు వంతు వరి. మిగిలిన మూల చవుడు నేల, అక్కడ గడ్డి కూడా మొహమాటానికి మొలుస్తుంది. ఆ మూలలో రేకుల కప్పు, నడుమెత్తు గోడ, ఒక సిమెంటు తొట్టి, రెండు తెల్ల సీమ పందులు. ఆడదాని పేరు బగారా, మగదాని పేరు సాంబారు. కూర్చుని ఆలోచించి పెట్టిన పేర్లు కావు. మిర్యాలగూడ పెళ్లిళ్లలో లవంగం, చెక్క పోపుతో వండే బగారా అన్నం తొట్టిలో పడితే ఆడది మగదాన్ని దరిదాపుల్లోకి రానివ్వదు. మగదాన్ని తెచ్చింది కోదాడలో ఎర్రయ్య అనే పెంపకందారు దగ్గర. అటువైపు పంక్తిలో సాంబారు లేకపోతే పెళ్లి జరిగినట్టు కాదు. అది చిన్నప్పటి నుంచీ ఆ పులుపు మీదే పెరిగింది. అలా ఒక దొడ్డిలో రెండు రుచులు కాపురం పెట్టాయి.

లోకంలో అందరూ ముందు పందులను తెచ్చుకుని, తరవాత మేత వెతుక్కుంటారు. గౌరయ్య ముందు మేతను చూశాడు, ఆ తరవాత దానికోసం పందులను వెతుక్కున్నాడు. అప్పట్లో టెంట్ హౌజ్ వాళ్ల దగ్గర కుర్చీలు మోసే పనికి వెళ్లేవాడు. సూర్యాపేటలో ఒక ఫంక్షన్ హాల్ వెనక, పెళ్లి అయిపోయిన మధ్యాహ్నం, మిగిలిన అన్నాన్ని గంగాళాలతో తెచ్చి గుంతలో పోస్తుంటే చూశాడు. నాటు వేసేటప్పుడు ఒక్క నారు కర్ర పక్కకు ఒరిగితే వెనక్కి వచ్చి నిలబెట్టే మనిషి. ఆ గుంత చుట్టూ రెండుసార్లు తిరిగి, వంట మాస్టర్ దగ్గరికి వెళ్లి, "దీన్ని నాకియ్యరాదే," అన్నాడు. వంట మాస్టర్ గుంతనూ, గౌరయ్యనూ ఒకేసారి చూసి, తీసుకుపొమ్మన్నాడు. తీసుకుపోయి ఏం చేయాలో గౌరయ్యకు అప్పటికి తెలియదు. దారిలో తోచింది.

ఆ తరవాత ఎక్సెల్ బండికి రెండు వైపులా రెండు నీలం డ్రమ్ములు వచ్చాయి. ఒక వైపు సూర్యాపేట, ఒక వైపు కోదాడ, ఇంకో వైపు మిర్యాలగూడ. ముహూర్తం ఎటు ఉంటే బండి అటు. తెచ్చింది తెచ్చినట్టు పందులకు పోయడు. ముందు పీట వేసుకుని కూర్చుని నీళ్ల పాకెట్లు, పళ్లు కుట్టుకునే పుల్లలు, కాగితాలు, నిమ్మచెక్కలు ఏరతాడు. తరవాత కట్టెల పొయ్యి మీద పెద్ద డేగిసాలో ఒక ఉడుకు ఉడికించి, చల్లార్చి, అప్పుడు తొట్టిలో పోస్తాడు. ఉడకబెట్టమని పశువుల డాక్టర్ చెప్పాడు. పుల్లలు ఏరమని ఎవరూ చెప్పలేదు, అది అతని ఓపిక.

ఇక తెల్లచొక్కా. సూర్యాపేట హాల్ మేనేజరు మొదటి వారమే ఒక షరతు పెట్టాడు. లుంగీ కట్టుకుని, బనియన్ మీద రావద్దు, పెళ్లివాళ్లు చూస్తే బాగుండదు, మర్యాదగా రావాలి అన్నాడు. గౌరయ్య మర్యాదకు ఒక తెల్లచొక్కా కుట్టించాడు. అది మరీ ఎక్కువ మర్యాద అయింది. నెరిసిన మీసం, తెల్లచొక్కా, నిదానపు నడక. గేటు దగ్గర పిల్లలు పన్నీరు చల్లేవారు. ఒకసారి మిర్యాలగూడలో పిల్ల మేనమామ అనుకుని ముందు వరసలో సోఫాలో కూర్చోబెట్టి కూల్‌డ్రింక్ చేతిలో పెట్టారు. గౌరయ్య తాగేసి, డ్రమ్ములు గుర్తొచ్చి, లేచి వంటశాల వైపు నడిచాడు.

ఊళ్లో వాళ్లకు పంచాంగం అక్కర్లేకుండా పోయింది. వంతెన దగ్గర హోటల్లో చాయ్ తాగుతూ కూర్చుంటారు. తెల్లచొక్కా, రెండు డ్రమ్ములు సూర్యాపేట వైపు పోతే అటు పెళ్లి. కోదాడ వైపు పోతే ఇటు పెళ్లి. పొద్దున ఒకవైపు, సాయంత్రం ఇంకోవైపు పోతే గట్టి ముహూర్తం. గౌరయ్య బండి కదిలిందంటే ఎక్కడో ఎవరి మెడలోనో మూడు ముళ్లు పడ్డట్టే.

ఇదంతా నచ్చనిది ఒక్క మనిషికి. గౌరయ్య భార్య చంద్రకళ.

ఆమె ఆ చవుడు మూలకు ఒక్కసారి కూడా వెళ్లలేదు. పొలం గట్టు మీదే ఇల్లు, వంటింటి కిటికీ నుంచి చూడటమే. చూడటం మాత్రం బాగా చూసేది. బగారా ఎప్పుడు పడుకుంది, సాంబారు ఏ వైపు గోడ గీరుకుంది, అన్నీ ఆమెకు తెలుసు. వాసన అని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే మాట నిజమే గానీ, ఆమె బాధ వాసన కాదు. నిడమనూరులో ఉండే ఆమె పెద్దమ్మ కూతురు మిర్యాలగూడలో ఒక పెళ్లికి వెళ్లింది. చేయి కడుక్కోవడానికి వెనక్కి వస్తే, గంగాళాల మధ్య బావ కనిపించాడు. ఇంటికి వెళ్లగానే ఫోన్ చేసి, బావ లోపలికి రాకుండా వంటింటి వెనక ఏం చేస్తున్నాడక్కా అని అమాయకంగా అడిగింది. అంత అమాయకంగా అడగకపోయినా బాగుండేది.

ఆ సాయంత్రం గౌరయ్య పుల్లలు ఏరుతుంటే చంద్రకళ కిటికీ లోంచే మాట విసిరింది.

"ఈ జిల్లాల నువ్వు పోని పెండ్లి లేదు. మనింటికొచ్చిన కార్డు మాత్రం ఒక్కటి లేదు."

గౌరయ్య నిమ్మచెక్క ఒకటి తీసి పక్కన పెట్టాడు.

అలా కాలం గడుస్తుండగా దీపావళి తరవాత బగారా చూడి కట్టింది. మొదటి కాన్పు. గౌరయ్య నడకే మారిపోయింది. రేకుల కప్పు మీద గడ్డి పరిచాడు, చలిగాలి రాకుండా గోనెసంచులు కట్టాడు, సాంబారుకు పక్కన వేరే అడ్డుగోడ కట్టాడు. సాంబారు ఆ గోడ మీద గడ్డం ఆనించి అటువైపే చూస్తుండేది. అంతా బాగుంది. సరిగ్గా అప్పుడు మార్గశిరంలో శుక్ర మూఢం దిగింది.

మూఢం సంగతి తెలియనిది ఎవరికి? శుక్రుడు కనిపించకుండా పోతాడు, మంచి పనులు ఆగిపోతాయి. లగ్గాలు లేవు, గృహప్రవేశాలు లేవు. ఈసారి అది పట్టుకుంటే మాఘం ఆఖరి అమావాస్య దాకా వదలదని పంచాంగంలో రాశారు. ఫంక్షన్ హాళ్లకు తాళాలు పడ్డాయి. వంట మాస్టర్లు ఊళ్లకు పోయారు. నీలం డ్రమ్ములు గోడకు బోర్లించి పెట్టాక, వాటి మీద కోడి ఎక్కి కూర్చుంది.

గౌరయ్య దీనికి సిద్ధంగానే ఉన్నాడు. బద్రీనాథ్ సేటు మిల్లు నుంచి తవుడు, నూకలు తెచ్చి పెట్టుకున్నాడు. ఆ ఊరి వడ్లన్నీ కొనేది బద్రీనాథ్ సేటే. నాణ్యమైన తవుడు. దాన్ని ఉడికించి, చల్లార్చి, తట్టలో ఎత్తుకుని వెళ్లి తొట్టిలో పోశాడు.

బగారా లేచి వచ్చింది. వాసన చూసింది. తల ఎత్తి గౌరయ్య మొహం వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఏదో పొరపాటు జరిగి ఉంటుంది అన్నట్టు ఉంది. తరవాత వెళ్లి గోడ వైపు తిరిగి పడుకుంది. అవతల సాంబారు తన తొట్టిలో నాలుగుసార్లు మూతి పెట్టి, బగారా తినడం లేదని తెలిసి, అదీ వచ్చి గోడకు ఆనుకుని పడుకుంది. పెళ్లయిన మగవాళ్లకు ఆ పరిస్థితి వేరే చెప్పక్కర్లేదు.

మరునాడూ అంతే. గడ్డి నాలుగు పరకలు కొరికేది, నీళ్లు తాగేది, తొట్టి ముఖం మాత్రం చూసేది కాదు. గౌరయ్య తెలిసిన విద్యలన్నీ చూపించాడు. తవుడులో బెల్లం కలిపాడు. బిర్యానీ ఆకు వేశాడు. చివరికి ఉల్లిగడ్డ ఎర్రగా వేయించి, లవంగం, చెక్క వేసి పోపు పెట్టాడు. ఆ ఘుమఘుమకు వంతెన దగ్గర కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు గానీ బగారా లేవలేదు.

"నాకు జొరమొచ్చిననాడు చారు కాసియ్యమంటే నీళ్లు కాసిచ్చినవ్," అంది చంద్రకళ కిటికీ లోంచి. "పందికి పోపు వెడుతున్నవా."

పశువుల డాక్టర్ వచ్చాడు. జ్వరం చూశాడు, కడుపు తట్టి చూశాడు. జబ్బేమీ లేదన్నాడు. అలకకు తన దగ్గర మందు లేదనీ, ఏదో ఒకటి చేసి తినిపించకపోతే కడుపులో పిల్లలు నిలవవనీ చెప్పి వెళ్లిపోయాడు.

ఆ మాట చంద్రకళ కిటికీ దగ్గర నిలబడి విన్నది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ తన నిర్ణయం చెప్పింది. మూఢం పోయే ఆ మాఘ అమావాస్య దాకా చూస్తుంది. ఆలోపు అది తిండికి రాకపోతే రెండింటినీ బండెక్కించి కోదాడలో ఎర్రయ్యకు అప్పజెప్పాలి. అక్కడ పెద్ద మంద ఉంది, చూసుకునే మనుషులు ఉన్నారు. డ్రమ్ములు కూడా వాటితో పాటే పోవాలి. ఈ సారి ఆమె గొంతులో ఎగతాళి లేదు, అందుకే గౌరయ్యకు భయం వేసింది. కడుపుతో ఉన్న జీవి ఆకలితో గోడ వైపు తిరిగి పడుకుంటే కిటికీ లోంచి చూస్తూ తాను ముద్ద మింగలేనంది. 

ఇప్పుడు చూడండి, తెల్లచొక్కా మళ్లీ వస్తుంది.

నాట్లు అయిపోయాక ఒకరోజు గౌరయ్య బ్యాంకు పని మీద మిర్యాలగూడ వెళ్లాడు. బ్యాంకు కాబట్టి తెల్లచొక్కా వేసుకున్నాడు, దారిలో ఏదైనా మేత దొరక్కపోదా అని బోర్లించిన డ్రమ్ములు మళ్లీ బండికి తగిలించాడు. వచ్చేటప్పుడు అక్కడ ఒక మిల్లులో కొంచెం తవుడు కొన్నాడు. సంచి చిరిగి ఉంది, అందుకని తవుడును బండికున్న డ్రమ్ములో పోయించుకున్నాడు. సాయంత్రానికి ఇంటి మలుపు తిరిగాడో లేదో, దొడ్డిలో కేకలు. బగారా గోడ మీదికి ముందు కాళ్లు ఎత్తి నిలబడి ఉంది. అవతల సాంబారు గుండ్రంగా తిరుగుతోంది. గౌరయ్య తవుడు ఉడికించి పోసేదాకా ఆ గోల ఆగలేదు. బగారా తొట్టి అడుగు కనిపించేదాకా తిని, తొట్టిని మూతితో తోసి, ఇంకా ఉందా అన్నట్టు చూసింది.

గౌరయ్యకు విషయం అర్థమైపోయింది. అంటే, అర్థమైందని అనుకున్నాడు. మిర్యాలగూడ తవుడు గొప్పతనం అదంతా. మర్నాడే వెళ్లి అదే మిల్లు నుంచి పెద్ద మూట తెచ్చి వసారాలో పెట్టాడు. ఆ మరునాడు ఉడికించి, తట్టలో ఎత్తుకుని వెళ్లి పోశాడు. బగారా వాసన చూసింది, అతని మొహం చూసింది, గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ మిల్లువాడు మోసం చేశాడనీ, మొదటి రోజు ఒక రకం ఇచ్చి రెండోసారి ఇంకో రకం అంటగట్టాడనీ గౌరయ్య వసారాలో అటూ ఇటూ తిరుగుతూ తిట్టడం మొదలుపెట్టాడు. కిటికీ దగ్గర చంద్రకళ బియ్యం ఏరుతోంది. చాలాసేపు విన్నది. చివరికి చేట కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టింది.

"తవుడు కాదయ్యా. అది బండి కోసం సూస్తున్నది."

గౌరయ్య ఆగాడు.

"తెల్లంగి తొడిగి, డ్రమ్ములతోని నువ్వు రోడ్డు మీదికెల్లి వస్తేనే దానికి బువ్వ. ఇంట్లకెల్లి తట్టల తెచ్చింది దాని లెక్కల బువ్వనే కాదు. పెండ్లి అన్నం ఇంకా రాలే, వస్తదని కూసున్నది పాపం."

గౌరయ్య దొడ్డి వైపు చూశాడు. బగారా పడుకున్న వైపు గోడ అని ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఆ గోడకు అవతల ఉన్నది రోడ్డు.

ఆ సాయంత్రం గౌరయ్య తెల్లచొక్కా వేసుకున్నాడు. తన వసారాలోని తవుడును తన డ్రమ్ముల్లో తానే పోసుకున్నాడు. బండి తీసి వంతెన దాకా వెళ్లి, హోటల్లో ఒక చాయ్ తాగి, మళ్లీ అదే తవుడుతో తన ఇంటికి తాను వచ్చాడు. మలుపు తిరగగానే దొడ్డిలో కేకలు. తొట్టి ఖాళీ.

ఇక రోజూ ఇదే తంతు. చంద్రకళ ఆ ఒక్క చొక్కానూ రోజు విడిచి రోజు ఉతికి ఆరేసేది. చొక్కా లేకుండా ఒకసారి ప్రయత్నించారు, బగారా లేచి నిలబడింది గానీ తొట్టి దాకా రాలేదు. దాని దృష్టిలో బనియన్ వేసుకున్న మనిషి పెళ్లి నుంచి వచ్చినవాడు కాదు. వంట మాస్టర్లు, మేనేజర్లు కలిసి దానికి అంత మర్యాద నేర్పారు.

బగారా ఒళ్లు చేసింది. ఈ సంబరంలో దంపతులు ఇద్దరూ మరిచిపోయింది ఒకటి ఉంది. వంతెన దగ్గర హోటల్.

మూఢంలో పెళ్లి ఉండదని అందరికీ తెలుసు. తెల్లచొక్కాతో డ్రమ్ములు కదిలితే ఎక్కడో పెళ్లి ఉన్నట్టేనని కూడా అందరికీ తెలుసు. ఈ రెండూ కలిపితే ఏమవుతుంది? దొంగచాటు పెళ్లి అవుతుంది. రోజూ ఎవరో మూఢంలో చాటుగా పెళ్లి చేసుకుంటున్నారు, గౌరయ్యకు తెలుసు, నోరు విప్పడం లేదు. చాయ్ తాగే వాళ్లు ఒకటి రెండుసార్లు అడిగారు కూడా. ఎటు పోయొస్తున్నవ్ గౌరయ్యా అంటే, ఏడకీ లేదు అన్నాడు. పాపం, నిజమే చెప్పాడు. నిజం అంత అనుమానంగా ఎప్పుడూ వినిపించలేదు.

పెళ్లి ఉంటే పెళ్లికొడుకు కావాలి కదా. ఊరు వెతికి బద్రీనాథ్ సేటు కొడుకు గిరిధర్‌ను పట్టుకుంది. అతని లగ్గం మూఢం వెళ్లగానే సూర్యాపేటలో అని అప్పటికే ఖాయమైంది. కానీ ఈమధ్య సాయంత్రాలు మేడ మీద ఫోన్‌లో నవ్వుతూ కనిపిస్తున్నాడు. మాట్లాడుతున్నది నిశ్చయమైన పిల్లతోనే. అది ఊరికి తెలియదు, తెలిసినా రుచించదు. వేరే పిల్లతో కోదాడలో పెళ్లి అయిపోయిందని ఒకరు, భోజనాలు మాత్రం బాగున్నాయని ఇంకొకరు చెప్పుకున్నారు. మాట తిరిగి తిరిగి సూర్యాపేటలో ఆడపిల్లవాళ్ల చెవిన పడింది.

ఒకనాడు పొద్దెక్కాక సత్యనారాయణ శర్మ గారు గౌరయ్య వాకిట్లోకి వచ్చారు. గిరిధర్ పెళ్లి చేయించవలసిన పంతులు ఆయనే. అసలు ఊరు కోదాడ అవతల, మాటలో ఆ యాస పోలేదు. వచ్చీ రావడంతోనే కుర్చీ వద్దన్నారు.

"చూడు గౌరయ్యా, నీకు నేను కొత్త కాదు. దాచకుండా చెప్పు. ఎవరు చేయిస్తున్నారు?"

"ఏంది అయ్యగారూ?"

"పెళ్లిళ్లు. మూఢంలో. ఏ పంతులు కూర్చుంటున్నాడో పేరు చెప్పు చాలు. సేటు రెండు రోజుల నుంచి అన్నం తినట్లేదు."

గౌరయ్యకు మొదట ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కూర్చుండిపోయాడు. చెప్పాలంటే, పందిని మోసం చేయడానికి తాను రోజూ ఉత్తి పెళ్లికి వెళ్లి వస్తున్నానని చెప్పాలి. చెప్పకపోతే సేటు కొడుకు పెళ్లి ఆగిపోయేలా ఉంది. కిటికీ వైపు చూశాడు. కిటికీలో చంద్రకళ చెప్పమన్నట్టు తల ఊపింది. 

"నోటితోని చెప్తే మీరు నమ్మరు అయ్యగారూ. సాయంత్రం దాకా ఉండుండ్రి. చూపిస్త," అన్నాడు.

శర్మ గారు ఉన్నారు. సాయంత్రం తెల్లచొక్కా వచ్చింది, వసారాలోని తవుడు డ్రమ్ముల్లోకి వెళ్లింది, డ్రమ్ములు వంతెన దాకా వెళ్లాయి, తిరిగి వచ్చాయి. దొడ్డిలో కేకలు పుట్టాయి. గోడ మీద ముందు కాళ్లు ఆనించి, ఎదురుకోలుకు నిలబడ్డ వియ్యపురాలిలా బగారా కనిపించింది. శర్మ గారు ఒకసారి బగారాను, ఒకసారి గౌరయ్య చొక్కాను చూశారు. మొదట భుజాలు కదిలాయి. తరవాత కండువా జారింది. పొలం గట్టు మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటూ చాలాసేపు నవ్వారు.

"మూఢం వస్తే పస్తులుండేది నేనొక్కణ్నే అనుకున్నానయ్యా," అన్నారు లేస్తూ. "నాకు తోడు ఇంతమంది ఉన్నారని తెలియదు."

ఆయన నేరుగా సేటు దగ్గరికి వెళ్లారు. మరుసటి సాయంత్రం సేటు స్వయంగా వచ్చి, గోడకు కొంచెం దూరంగా నిలబడి, మొత్తం తతంగం చూసి, పంది ఆకలి కోసం ఊరు తన కొడుకుకు పెండ్లి చేసిందా అని ఒక్క మాట అని వెళ్లిపోయాడు. సూర్యాపేట వాళ్లకు ఫోన్‌లో చెబితే వాళ్లు ముందు నమ్మలేదట. నమ్మాక ఫోన్ పెట్టలేదట, ఇంటిల్లిపాదీ మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు. గిరిధర్ పెళ్లి నిలబడింది.

కానీ గౌరయ్య పెళ్లి చెడింది. ఆ మరునాటి నుంచి వంతెన దగ్గర హోటల్ సాయంత్రం పూట కిటకిటలాడింది. తెల్లచొక్కా కనిపించగానే ఈలలు. ఒకరు లేచి నిలబడి దండం పెట్టి, ఈ రోజు స్వీటేంది అని అడిగేవారు. ఇంకొకరు కట్నాలు చదివించాలా అనేవారు. డప్పు తెచ్చిన వాళ్లు కూడా ఉన్నారు. గౌరయ్య ఒకరోజు తల దించుకుని వచ్చాడు. రెండో రోజు కాలువ కట్ట మీదుగా చుట్టూ తిరిగి వచ్చాడు. మూడో రోజు తెల్లచొక్కా దండెం మీదనే ఉండిపోయింది. మంచం వాల్చుకుని, ముఖం గోడ వైపు తిప్పుకుని పడుకున్నాడు.

అమావాస్య దగ్గర పడింది. బగారా పొట్ట నేలకు తాకుతోంది. దొడ్డిలో అది రోడ్డు వైపు చూస్తూ పడుకుంది. మంచం మీద గౌరయ్య గోడ వైపు చూస్తూ పడుకున్నాడు. చంద్రకళ వంటింటి కిటికీ లోంచి అటు చూసింది, వసారాలోకి వచ్చి ఇటు చూసింది. చవుడు మూల ఖాళీ అయ్యే దారి దానంతట అదే తెరుచుకుంది. ఇక ఆమె ఏమీ అనక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ఎర్రయ్య నంబరు గౌరయ్య ఫోన్‌లో ఉంది, ఆ ఫోన్ ఆమె చేతికి అందేంత దూరంలోనే ఉంది.

ఆమె లోపలికి వెళ్లి చాలాసేపటికి బయటికి వచ్చింది. పట్టుచీర కట్టుకుంది. చిలకాకుపచ్చ మీద ఎర్ర అంచు, తన పెళ్లి తరవాత పెట్టె దాటి ఎక్కువసార్లు రాని చీర. తలలో పూలు కూడా ఉన్నాయి. దండెం మీది తెల్లచొక్కా తీసి గౌరయ్య మీద పడేసింది.

"లే."

"నేను పోనే. నవ్వుతుండ్రు."

"నవ్వనీ. పిలిచెటోళ్ల కోసం సూసుకుంట ఇన్నేండ్లు కూసున్న. ఇగ మన పెండ్లికి మనమే పోదాం. నడువ్, అది ఆకలితోని ఉన్నది."

గౌరయ్యకు వేరే దారి లేకపోయింది. రెండు డ్రమ్ముల మధ్య కాస్త చోటు చేసుకుని, చీర అంచు చక్రానికి తగలకుండా ఎత్తి పట్టుకుని చంద్రకళ కూర్చుంది. బండి వంతెన ఎక్కింది. ఈలలకు సిద్ధంగా నోట్లో వేళ్లు పెట్టుకున్నవాళ్లు వేళ్లు అలాగే ఉంచుకున్నారు. చంద్రకళ దిగింది. ఊళ్లో ఏ ఆడమనిషీ కూర్చోని ఆ హోటల్ బల్ల మీద కూర్చుని, రెండు చాయ్‌లు చెప్పింది. పెండ్లి మంచిగైందా అని ఎవరో నోరు జారి అడిగారు.

"మంచిగైంది," అంది ఆమె. "మీరే రాలే. రేపన్న రాండ్రి, తవుడు శానా ఉన్నది."

హోటల్ మొత్తం నవ్వింది. ఈ సారి నవ్వులో గౌరయ్య కూడా ఉన్నాడు. డప్పు తెచ్చినవాడు నిజంగానే వాయించాడు, ఇంటి మలుపు దాకా బండి వెంట వచ్చాడు కూడా. ఆ రోజు బగారా అరిచిన అరుపు వంతెన దాకా వినిపించింది. పూలు, పట్టుచీర, డప్పు. దాని బతుకులో అంత పెద్ద పెళ్లి ఎప్పుడూ రాలేదు.

అమావాస్య ముందు రోజు, అప్పుడే తెల్లవారుతుండగా బగారా ఈనింది. కిటికీ లోంచి మొదట చూసింది చంద్రకళే. గౌరయ్య పొలానికి నీళ్లు మళ్లించడానికి ఎగువన కాలువ తూము దాకా వెళ్లాడు. కేక వేస్తే వినిపించే దూరం కాదు. ఆమె కొంగు ముక్కుకు కాకుండా నడుముకు చుట్టి, చవుడు మూలకు పరుగెత్తింది, జీవితంలో మొదటిసారి. గోడ ఎలా దాటిందో ఆమెకే తెలియదు. మొదటి కాన్పు తల్లి అటూ ఇటూ దొర్లితే పిల్లలు కింద పడి నలిగిపోతాయి. ఒక్కొక్క దాన్నీ పక్కకు తీసి తుడవడానికి బట్ట కావాలి. వసారా నుంచి దొడ్డి దాకా కట్టిన దండెం చేతికి అందేంత దూరంలోనే ఉంది. దండెం మీద ఉతికి ఆరేసిన తెల్లచొక్కా ఉంది.

గౌరయ్య వచ్చేసరికి చంద్రకళ గడ్డిలో కూర్చుని ఉంది. ఒళ్లో, పక్కన, గోనెసంచి మీద గులాబీ రంగు పిల్లలు కదులుతున్నాయి. తెల్లచొక్కా ఇక తెల్లగా లేదు, చొక్కాగా కూడా లేదు. గౌరయ్య లెక్కపెట్టబోయాడు. అవి నిలవవు, ఇది అటు దూరితే అది ఇటు దూరుతుంది. పది దాటాక ఇద్దరూ చెరొక లెక్క చెప్పి కాసేపు కొట్లాడుకున్నారు. అవతల సాంబారు గోడ మీద గడ్డం ఆనించి, తనను ఎవరూ అడగరేం అన్నట్టు చూస్తోంది.

ఎర్రయ్య మాట గౌరయ్య ఎత్తలేదు. చంద్రకళా ఎత్తలేదు. అన్నింటికంటే చిన్నదాన్ని తల్లి పొట్ట దగ్గరికి జరుపుతూ, "దీని పేరు డబల్‌కమీటా," అంది. పెళ్లి భోజనంలో ఆఖరున వడ్డించే బ్రెడ్డు మిఠాయి పేరు. అంతటితో ఆ చర్చ ముగిసింది.

ఇప్పుడు మూఢం వెళ్లిపోయింది. గౌరయ్యకు కొత్త చొక్కా కుట్టిస్తున్నారట. దర్జీ ఇంకా ఇవ్వలేదు, అప్పటిదాకా బగారా ఏం చేస్తుందో చూడాలి. వచ్చే వారం సూర్యాపేటలో మా మనవరాలు నిత్య పెళ్లి. హాల్ వాళ్లకు ఫోన్ అయింది, వంట మాస్టర్‌కు అయింది, ఫొటోల వాళ్లకు, పూలవాళ్లకు, శర్మ గారికి అయింది. ఒక్క ఫోన్ మిగిలింది. అది గౌరయ్యకు కాదు, చంద్రకళకు. పేరు రాసిన కార్డు రేపు ఇంటికే తెస్తున్నామని, ముందు గేటు నుంచి రావాలని, ఆ చిలకాకుపచ్చ పట్టుచీరే కట్టుకోవాలని, ఇద్దరికీ ముందు వరసలో సోఫా ఉంచుతామని, డ్రమ్ముల సంగతి భోజనాలు అయ్యాక చూసుకోవచ్చని చెప్పాలి. సాయంత్రం పూట ఆమె ఫోన్ ఎత్తదు, పందిపిల్లల దగ్గర ఉంటుందట. పొద్దున్నే, చాయ్ కూడా తాగకముందే చేయాలి.